రేస్ ట్రాక్‌పై రోడ్డు కారు: వేడి నిర్వహణ - ఒక వివరణ

వ్యాస సంగ్రహం

రోడ్డు మీద తిరిగే అధిక సామర్థ్యపు కార్లను వాటి యజమానులే రుసుము చెల్లించి రేస్ ట్రాక్‌పై నడుపుకొనే రోజును ట్రాక్ డే అంటారు. హైవేపై వందల కిలోమీటర్లు నిలకడగా నడిచిన కారు ట్రాక్‌పై నాలుగైదు ల్యాపులకే వేడెక్కుతుంది. దీనికి కారణాలను, నివారణ మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న భేదాన్ని కొల్లేరు సరస్సులోని రాకపోకల లెక్కతో పోల్చి చూపడం, ఇంజను, ఆయిలు, బ్రేకులు, డ్రైవరు అనే నాలుగు స్థానాల్లో వేడి చేసే పనిని విడివిడిగా పరిశీలించడం ఇందులోని పద్ధతి.

కీలక పదాలు: ట్రాక్ డే, ఉష్ణం, ఉష్ణోగ్రత, రేడియేటరు, కూలెంటు, బ్రేక్ ఆయిల్, కొల్లేరు, ఉప్పుటేరు.

1. ఉపోద్ఘాతం

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలకు అందుబాటులో ఉన్న ప్రధాన రేస్ ట్రాక్ చెన్నై సమీపాన శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1990లో ప్రారంభమై, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నిర్వహణలో ఉన్న ఈ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. అంతకుముందు చెన్నైకి ఉత్తరాన షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన రన్‌వే మీద దశాబ్దాల పాటు పోటీలు జరిగేవి. తెలుగు నేలపై 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఇ పోటీ జరిగింది. అది నగర వీధులను తాత్కాలికంగా ట్రాక్‌గా మార్చి నిర్వహించిన విద్యుత్ కార్ల పోటీ.

ఏలూరు నుంచి చెన్నైకి పదహారవ నంబరు జాతీయ రహదారి మీదుగా సుమారు 500 కిలోమీటర్ల దూరం. ఎండాకాలంలో ఎ.సి. వేసుకుని అంత దూరం వెళ్లినా మంచి స్థితిలో ఉన్న కారులో ఉష్ణోగ్రత ముల్లు మధ్య గీతను దాటదు. అదే కారు ట్రాక్‌పైకి వెళ్లి పట్టుమని ఇరవై కిలోమీటర్లు తిరగకముందే ముల్లు పైకి లేస్తుంది. 500 కిలోమీటర్లకు చెదరనిది ఇరవై కిలోమీటర్లకు ఎందుకు చెదిరింది? ట్రాక్ డేకు సిద్ధమయ్యే ప్రతి యజమానీ ముందుగా తెలుసుకోవలసినది ఈ ప్రశ్నకు సమాధానం. దానిని తెలుసుకోకపోతే జరిగే నష్టం ఇంజనుతో ఆగకపోవచ్చు. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పెడలు నేలకు తగిలితే పోయేది ప్రాణం.

2. ‘వేడి’ అనే మాట: ఉష్ణం, ఉష్ణోగ్రత

వ్యవహారంలో ‘వేడి’ అనే ఒక్క మాటే రెండు భావాలకు వాచకంగా ఉంది. ‘పొయ్యి వేడి తగులుతోంది’ అన్నప్పుడు అది ఒకచోట నుంచి మరొక చోటికి ప్రవహించే శక్తి. ‘నీళ్లు వేడిగా ఉన్నాయి’ అన్నప్పుడు అది ఆ నీటి స్థితిని తెలిపే మట్టం. భౌతికశాస్త్రం మొదటిదానిని ఉష్ణమనీ, రెండోదానిని ఉష్ణోగ్రత అనీ వేరు చేసింది. ‘ఇంజను వేడెక్కింది’ అనే వాక్యంలో ఈ రెండూ కలిసిపోతాయి. కారు డ్యాష్‌బోర్డు మీది ముల్లు చూపేది ఉష్ణోగ్రతను మాత్రమే. ఇంజనులోకి ఎంత ఉష్ణం వస్తోందో, ఎంత బయటికి పోతోందో అది చెప్పదు.

మెకానిక్ షెడ్డు భాషలో మాత్రం ఫలితాలకు స్పష్టమైన మాటలున్నాయి. పిస్టను సిలిండరులో బిగుసుకుపోతే ‘ఇంజను పట్టేసింది’ అంటారు. సిలిండరు లోపలి గోడ అరిగి, మళ్లీ కోత పెట్టించవలసి వస్తే ‘బోరుకొచ్చింది’ అంటారు. సిలిండరు హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పొర దెబ్బతింటే ‘గ్యాస్కెట్ పోయింది’ అంటారు. ఇవన్నీ చివరి దశకు చెందిన మాటలు. ఆ దశకు ముందు జరిగేది తెలియాలంటే ఉష్ణం రాకపోకల లెక్క చూడాలి.

3. కొల్లేరు లెక్క

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగులూ, అనేక కాలువలూ నీటిని తెస్తాయి. సరస్సు నుంచి సముద్రానికి నీటిని చేర్చే ప్రధాన మార్గం మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే నీరు పోయే నీటికి మించినప్పుడు ఆ మిగులును సరస్సు తన విస్తీర్ణంలో నిలుపుకొంటుంది. అందువల్ల వరద వచ్చిన వెంటనే మట్టం పెరిగినట్లు కనిపించదు. మిగులు పేరుకున్న కొద్దీ కాంటూరు తరువాత కాంటూరు మునుగుతుంది. ఉప్పుటేరు పూడినా, ప్రవాహానికి అడ్డు పడినా మామూలు వాననీటికే లంక గ్రామాల చుట్టూ నీరు నిలుస్తుంది.

కారులోనూ లెక్క ఇదే. ఇంజనులో మండే పెట్రోలు, టర్బో, గేర్‌బాక్సు వాగుల వంటివి. ఇంజను లోహం, అందులోని కూలెంటు, ఆయిలు కలిసి సరస్సు. రేడియేటరు ఉప్పుటేరు. ముల్లు చూపేది కాంటూరు మట్టం. ట్రాక్‌పై మొదటి రెండు ల్యాపుల్లో ముల్లు కదలకపోవడం వల్ల ‘మన కారుకేమీ కాదు’ అనే ధీమా కలుగుతుంది. ఆ సమయంలో సరస్సు నిండుతోంది. ముల్లు లేచేసరికి నిలుపుకొనే చోటు దాదాపు అయిపోయి ఉంటుంది.

దీనిని చిన్న లెక్కతో చూడవచ్చు. రేడియేటరు పంపగలిగిన దానికన్నా పది కిలోవాట్ల ఉష్ణం ఎక్కువగా వస్తోందనుకుందాం. ఆరు లీటర్ల కూలెంటు ఒక్కటే దానిని భరించవలసి వస్తే అరనిమిషంలో సుమారు 12 నుంచి 14 డిగ్రీలు పెరుగుతుంది. ఇంజను లోహం కూడా ఆ ఉష్ణాన్ని పంచుకుంటుంది కాబట్టి ఆ పెరుగుదలకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంటే సుమారు ఒక ల్యాపు కాలం. డ్రైవరుకు దొరికే వ్యవధి అంతే.

4. హైవేకూ ట్రాక్‌కూ గల భేదం

సమతలమైన హైవేపై గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్లడానికి మధ్యస్థమైన కారుకు సుమారు 15 నుంచి 20 కిలోవాట్ల సామర్థ్యం చాలు. భారతదేశంలో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జి.టి. వంటి కారులోని 1.5 లీటర్ల టర్బో ఇంజను గరిష్ఠ సామర్థ్యం 150 పి.ఎస్., అంటే సుమారు 110 కిలోవాట్లు. ట్రాక్‌పై మలుపులనూ బ్రేకులనూ మినహాయించి సగటున అందులో సగమే వాడినా, అది హైవే అవసరానికి సుమారు మూడు రెట్లు. పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది స్థూలంగా మూడో వంతు. మరో మూడో వంతు పొగతో బయటికి పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని కూలెంటు, ఆయిలు మోయాలి. సామర్థ్యం మూడు రెట్లయితే ఆ మోతా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

రోడ్డు కారు రేడియేటరును తయారీదారులు రోడ్డు అవసరాల కోసం రూపొందిస్తారు. ఘాటు రోడ్డు ఎక్కడం, నగర ట్రాఫిక్‌లో నిలవడం వంటివి అందులోకి వస్తాయి. ఇరవై నిమిషాల పాటు యాక్సిలరేటరు అడుగంటా తొక్కడం వాటిలో లేదు. కాబట్టి ట్రాక్‌పై వేడెక్కడం కారులో లోపం ఉన్నదనడానికి రుజువు కానక్కరలేదు.

వాతావరణం ఈ లెక్కను మరింత బిగిస్తుంది. రేడియేటరు గాలిలోకి పంపగల ఉష్ణం కూలెంటుకూ బయటి గాలికీ గల ఉష్ణోగ్రత భేదాన్ని బట్టి ఉంటుంది. కూలెంటు 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉంటే భేదం 70. మే నెలలో గాలి 42 డిగ్రీలకు చేరితే భేదం 53. అదే రేడియేటరు పంపగల ఉష్ణం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాలు ట్రాక్ డేకు అనుకూలమనడానికి ఇదే ఆధారం.

డెల్టాలో కాలువ గట్టున నడిచే ఆయిలింజనుతో పోలిస్తే కారు ఇబ్బంది ఇంకా స్పష్టమవుతుంది. ఆ ఇంజనుకు పంపు తోడే నీటిలోంచే ఒక సన్నని గొట్టం పెడతారు. చల్లని నీరు లోనికి వెళ్లి, వేడి నీరై బయటికి పోతుంది. చుట్టూ ఉన్న కాలువ అంతా దానికి ఆధారమే. కారుకు ఆ వెసులుబాటు లేదు. ఉన్న కొద్ది లీటర్లనే తిప్పి తిప్పి వాడుకుంటూ, ఉష్ణాన్ని గాలికి అప్పగించాలి.

5. కూలెంటు, మూత, థర్మోస్టాట్

సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. వాతావరణ పీడనానికి అదనంగా 1.1 బార్ ఒత్తిడి ఉంటే నీటి మరుగు స్థానం సుమారు 121 డిగ్రీలకు పెరుగుతుంది. మూతలోని రబ్బరు రింగు పాడైతే ఈ రక్షణ పోతుంది. ట్రాక్‌కు వెళ్లే ముందు వేలల్లో ఖర్చు చేసి పెద్ద రేడియేటరు పెట్టించేవారు కూడా అతి తక్కువ ధరకు దొరికే ఈ మూతను చూడకపోవడం కద్దు.

కూలెంటులోని గ్లైకాల్ మరుగు స్థానాన్ని పెంచుతుంది, తుప్పును ఆపే రసాయనాలకు వాహకంగా ఉంటుంది. అయితే ఉష్ణాన్ని మోయడంలో అది నీటికి సాటి రాదు. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న మిశ్రమం అదే బరువు నీటికన్నా తక్కువ ఉష్ణాన్ని మోస్తుంది. గడ్డకట్టే చలి లేని కోస్తాలో గ్లైకాల్ పాలు మితిమీరి పెంచడం వల్ల ప్రయోజనం లేదు. తయారీదారు సూచించిన నిష్పత్తినే పాటించాలి. కలిపే నీరు డిస్టిల్డ్ వాటర్ కావాలి. ఉప్పు, సున్నపు లవణాలున్న బోరు నీరు పోస్తే రేడియేటరు సన్నని గొట్టాల్లో పెంకు కడుతుంది. ఉప్పుటేరు పూడిన దానితో ఇది సమానం.

థర్మోస్టాట్ తీసివేస్తే ఇంజను చల్లగా ఉంటుందనే అభిప్రాయం షెడ్లలో తరచుగా వినిపిస్తుంది. థర్మోస్టాట్ కాలువ లాకు వంటిది. లాకు తలుపులు ముందుగా ఎత్తినంత మాత్రాన కాలువ వెడల్పు పెరగదు. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు అడ్డదారిని మూసే పని కూడా చేస్తుంది. దానిని తీసివేస్తే వేడి కూలెంటులో కొంత రేడియేటరుకు పోకుండానే తిరిగి ఇంజనులోకి వస్తుంది.

గాలి దారి కూడా ముఖ్యమే. పొలాలు, చేపల చెరువుల మధ్య రాత్రి ప్రయాణం చేసిన కారు రేడియేటరు రెక్కల్లో పురుగులు నిండుతాయి. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ధాన్యం మిల్లుల ఊక ధూళి వాటిపై పేరుకుంటుంది. రెక్కలు వంగకుండా లోపలి వైపు నుంచి తక్కువ ఒత్తిడితో నీరు కొట్టి కడగాలి. ఎ.సి. కండెన్సరు రేడియేటరుకు ముందు ఉండి తన ఉష్ణాన్ని దానిపైకి వదులుతుంది కాబట్టి ట్రాక్‌పై ఎ.సి. ఆపివేయాలి.

6. ఆయిలు, టర్బో

కూలెంటు చేరలేని పిస్టన్లు, బేరింగుల ఉష్ణాన్ని మోసేది ఆయిలు. చాలా రోడ్డు కార్లలో ఆయిలు ఉష్ణోగ్రతను చూపే సాధనం ఉండదు. ట్రాక్‌పై కూలెంటు 100 డిగ్రీల లోపే ఉన్నప్పటికీ ఆయిలు 130 డిగ్రీలు దాటవచ్చు. ఆయిలు వేడెక్కిన కొద్దీ పలచబడి, బేరింగుల మధ్య పొర సన్నబడుతుంది. పొర తెగితే లోహాన్ని లోహం రాసుకుంటుంది. ‘పట్టేసింది’ అనే మాటకు చాలా సందర్భాల్లో మూలం ఇక్కడుంది. మంచి సింథటిక్ ఆయిలు, ట్రాక్‌కు ముందూ వెనుకా దానిని మార్చడం, అవసరమైతే విడిగా ఆయిలు కూలరు అమర్చడం దీనికి మార్గాలు.

టర్బో గాలిని నొక్కి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. దానిని చల్లబరిచే ఇంటర్‌కూలరు కూడా వేడెక్కితే సిలిండరులో ఇంధనం అకాలంగా పేలే ప్రమాదం ఏర్పడుతుంది. అప్పుడు ఇంజను కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేసి సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. కారు ‘లాగడం లేదు’ అనిపించడం ఆ కారణంగానే. అది హెచ్చరిక. మరింత తొక్కడం దానికి జవాబు కాదు. పరుగు ముగిసిన వెంటనే ఇంజను ఆపితే ఎర్రగా కాలిన టర్బోలో ఆయిలు నిలిచిపోయి మాడి బొగ్గవుతుంది. చివరి ల్యాపును నెమ్మదిగా నడపడం ఇందుకే.

7. బ్రేకులు

ట్రాక్‌పై ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నది బ్రేకుల వేడిలో. 1300 కిలోల కారును గంటకు 160 కిలోమీటర్ల నుంచి 60 కిలోమీటర్లకు తగ్గిస్తే సుమారు 1100 కిలోజౌళ్ల గతిశక్తి ఉష్ణంగా మారుతుంది. 30 డిగ్రీల నీటిని మూడున్నర లీటర్లకు పైగా మరిగే స్థితికి తేగల శక్తి అది. ఈ మార్పు మూడు నాలుగు సెకన్లలో జరుగుతుంది. ప్రతి ల్యాపులో పలుమార్లు జరుగుతుంది. గతిశక్తి వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి 80 నుంచి ఆపడం కన్నా 160 నుంచి ఆపడానికి నాలుగు రెట్ల శక్తిని మోయాలి.

వేడెక్కిన బ్రేకులు రెండు విధాలుగా విఫలమవుతాయి. ప్యాడ్లు తమ పరిమితి దాటితే పెడలు గట్టిగానే ఉన్నా కారు ఆగదు. బ్రేక్ ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుట్టి పెడలు మెత్తబడి నేలను తాకుతుంది. రెండోదానికి కోస్తా వాతావరణంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. సాధారణ బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 ఆయిలు కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు. తేమ చేరాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. కొల్లేరు తీరపు తేమగాలిలో రెండు మూడేళ్లు తిరిగిన కారు, ఆయిలు మార్చకుండా ట్రాక్‌కు వెళితే ఈ రెండో అంకెకు చేరువగా ఉన్నట్లే భావించాలి. ట్రాక్ డేకు కొద్ది రోజుల ముందు కొత్త ఆయిలు పోయించి, గాలి పూర్తిగా తీయించడం తప్పనిసరి. పరుగు తరువాత కారు నిలిపినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకూడదు. గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టాలి.

8. ఉక్కపోత: డ్రైవరు

తేమగాలి రేడియేటరు పనిని పెద్దగా మార్చదు. రేడియేటరు చెమట పట్టదు. మనిషి శరీరం మాత్రం చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ‘ఉక్కపోత’ అనే మాట సూచించేది చెమట ఆరని ఈ స్థితినే. ఎ.సి. ఆపి, హెల్మెట్ పెట్టుకుని, పొడవు చేతుల చొక్కాతో ఇరవై నిమిషాలు శ్రమించే డ్రైవరు దేహం ఇంజను కన్నా ముందే మట్టం దాటవచ్చు. దృష్టి చెదరడం, బ్రేకు వేయవలసిన చోటు మరచిపోవడం, తల తిరగడం దాని లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా ట్రాక్ విడిచి బయటికి రావాలి. ప్రతి పరుగుకూ మధ్య నీరు, ఉప్పు చేరిన మజ్జిగ వంటివి తాగి నీడలో ఉండాలి.

9. ట్రాక్ రోజున పాటించవలసిన క్రమం

మొదటిది కొలవడం. చాలా కార్లలో ముల్లు ఒక విస్తృత పరిధి అంతటా మధ్య గీత వద్దే నిలిచేలా అమర్చి ఉంటుంది. అది కదిలేసరికి ఆలస్యమవుతుంది. స్టీరింగు కింద ఉండే ఓ.బి.డి. సాకెట్టుకు చిన్న రీడరు పెడితే కూలెంటు ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది.

రెండోది విరామం. ఒక ల్యాపు వేడెక్కించడానికి, మూడు నాలుగు ల్యాపులు వేగానికి, ఒక ల్యాపు చల్లబరచడానికి అని విభజించుకోవాలి. చల్లబరిచే ల్యాపులో పై గేరు, తక్కువ ఆర్.పి.ఎం., వీలైనంత తక్కువ బ్రేకు వాడాలి. ఉప్పుటేరు వెడల్పు పెంచలేనప్పుడు వాగుల ఉధృతిని తగ్గించడమే దారి. దీనికి ఖర్చు లేదు.

మూడోది అత్యవసరం. ముల్లు ఎర్ర గీతకు చేరుతుంటే వేగం తగ్గించి, హీటరును పూర్తి స్థాయిలో తిప్పాలి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. పొగ, ఆవిరి, కూలెంటు తీపి వాసన వస్తే ట్రాక్ అంచున మార్షల్ ఉన్న చోట సురక్షితంగా ఆపాలి. కారుతున్న కూలెంటుతో నడుపుతూ పోతే వెనుక వచ్చే కార్లు ఆ జారుడుపై అదుపు తప్పుతాయి. కూలెంటు అంతా పోయాక సెన్సారుకు ద్రవం తగలక ముల్లు కిందికి దిగవచ్చు. దానిని చల్లబడిందని భ్రమించకూడదు. వేడి ఇంజను మూత ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు. ఒత్తిడి పోగానే లోపలి ద్రవం క్షణంలో ఆవిరై ముఖాన్ని, చేతులను కాల్చివేస్తుంది.

నాలుగోది స్థలం. వేడి పరీక్ష పేరుతో జాతీయ రహదారిపైనో, కొల్లేరు గట్టు రోడ్లపైనో, జనం తిరిగే ఖాళీ మైదానాల్లోనో ఈ వేగాలను ప్రయత్నించరాదు. ట్రాక్‌కు ఉన్న మార్షళ్లు, అంబులెన్సు, కారు దారి తప్పితే ఆగేందుకు వదిలిన స్థలం అక్కడ ఉండవు.

10. విద్యుత్ కార్లు

విద్యుత్ కారులో ఇంధనం మండకపోయినా బ్యాటరీ, మోటారు వేడెక్కుతాయి. హైదరాబాదు పోటీలో పాల్గొన్న మూడో తరం ఫార్ములా ఇ కార్లు బ్రేకు శక్తిలో పెద్ద భాగాన్ని తిరిగి బ్యాటరీకి పంపేవి. ఉష్ణంగా పోవలసిన శక్తిని ఆ విధంగా ఆదా చేసేవి. రోడ్డు విద్యుత్ కారును ట్రాక్‌పై నడిపినప్పుడు బ్యాటరీ మట్టం దాటగానే కంప్యూటరు సామర్థ్యాన్ని తగ్గించివేస్తుంది. ఇక్కడా వచ్చేది, నిలిచేది, పోయేది అనే మూడు అంశాల లెక్క మారలేదు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. రోడ్డు కారు ట్రాక్‌పై వేడెక్కడానికి మూలం ఉష్ణం రాకకూ పోకకూ మధ్య ఏర్పడే అసమతౌల్యం. ముల్లు ఆ అసమతౌల్యాన్ని ఆలస్యంగా చూపుతుంది. పెద్ద విడిభాగాలు కొనడానికి ముందు మూత, కూలెంటు, రేడియేటరు రెక్కలు, ఇంజను ఆయిలు, బ్రేక్ ఆయిల్ అనే అయిదింటినీ సరిచూడాలి. ఆపైన విరామాన్ని పాటించాలి. తేమ ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతపు కార్లకు బ్రేక్ ఆయిల్ మార్పు అన్నిటికన్నా ముందు రావాలి. ఉష్ణం, ఉష్ణోగ్రత అనే రెండు మాటల భేదం పాఠ్యపుస్తకంలో నిర్వచనంగా ఉన్నంతకాలం పొడిగా కనిపిస్తుంది. కొల్లేరు మట్టాన్ని చూసి వరదను ముందే అంచనా వేసే లంక గ్రామస్థుడికి ఆ భేదం అనుభవంలోనే ఉంది. సాంకేతిక విషయాలను తెలుగులో బోధించేవారు ఇటువంటి స్థానిక అనుభవాన్ని ఆధారం చేసుకుంటే, అర్థం త్వరగా అందుతుంది.